34 ఏళ్లకు ఫిజియోథెరపీ చదువు మొదలుపెట్టొచ్చా? కడప నుంచి అడుగుతున్నా

టీచరమ్మ_కడప

అందరికీ నమస్కారం. నాకు 34. ప్రైవేటు స్కూల్లో 11 ఏళ్లుగా జీవశాస్త్రం చెప్తున్నా. ఇంటర్ బైపీసీ, డిగ్రీ బీజడ్సీ, ఆ తర్వాత బీఈడీ. డీఎస్సీ రెండుసార్లు రాశా, రాలేదు, ఇంక రాసే ఓపిక లేదు. జీతం 18 వేలు, అది కూడా ఎండాకాలం సెలవుల్లో సగమే ఇస్తారు.

అసలు సంగతి. రెండేళ్ల కిందట మా అమ్మ పెరట్లో తొట్టి దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది కానీ ఇంటికొచ్చాక మంచం దిగితే ఒట్టు. ఒక ఫిజియోథెరపీ అమ్మాయి 40 రోజులు ఇంటికొచ్చింది. మొదటి రోజు మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టినందుకే అమ్మ ఆ పిల్లను తిట్టని తిట్టు లేదు. ఆ అమ్మాయి నవ్వుతూనే చేయించేది. మా ఇంటి ముందు మూడు మెట్లున్నాయి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని చెప్పి, అమ్మ మర్చిపోతుందని మెట్ల మీద సుద్దముక్కతో బాణం గుర్తులు గీసింది. ఇప్పుడు మా అమ్మ దేవుని కడపకు తనే పోయి వస్తోంది. నేను పదకొండేళ్లు పిల్లలకు 206 ఎముకలు అని బట్టీ పట్టించా గానీ ఒక్క ఎముకైనా ఎలా పనిచేస్తుందో ఆ 40 రోజుల్లోనే చూశా.

అప్పటి నుంచి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేయాలని మనసులో తొలుస్తోంది. ఇద్దరు పిల్లలు, నాలుగో తరగతి ఒకరు, యూకేజీ ఒకరు. మా ఆయనకు ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి ఉంది, అడిగితే "నీ ఇష్టం" అన్నారు, ఆ మాట ఏ గొంతుతో అన్నారో పెళ్లయిన వాళ్లకు తెలుసు. మా అత్త అయితే "పిల్లోల్లు చదివే వయసులో నువ్వు చదువుతావామ్మా" అంది.

ఇంకొకటి. ఎవరో ఏజెంటు ఫోన్ చేసి కాలేజీకి పోకుండానే బీపీటీ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్నాడు. అలాంటిది ఉందా నిజంగా?

ప్లింత్_పక్కన (అనంతపురం)

ముందు ఆ నంబర్ బ్లాక్ చేయండి మేడమ్. కాలేజీకి పోకుండా బీపీటీ అనేది లేదు. చేతులతో నేర్చుకునే పని ఇది, ఫోన్లో చూసి సంగటి గెలకడం వస్తుందా చెప్పండి. ఆ సర్టిఫికెట్ పెట్టుకుని క్లినిక్ తెరిస్తే మీ మెడకే చుట్టుకుంటుంది.

ఇక నా సంగతి చెప్తా. 12 ఏళ్లుగా అనంతపురంలో సొంత క్లినిక్. ఇది కుర్చీలో కూర్చుని చేసే డాక్టరు పని అనుకుని వచ్చేవాళ్లు మొదటి ఏడాదే బేజారైపోతారు. 85 కిలోల పక్షవాతం పేషెంటును మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి, రోజుకు ఆరేడు మందిని అలా పట్టుకోవాలి. నా రెండు బొటనవేళ్లూ పోయినట్టే, చలికాలం పొద్దున సీసా మూత తిప్పాలంటే మా ఆవిడను పిలుస్తా. మీకు నడుం నొప్పి గానీ ఉంటే ఇప్పుడే ఆలోచించుకోండి.

రెండోది జనం. వాళ్లకు కావల్సింది 'కరెంటు పెట్టడం'. ఐఎఫ్‌టీ మెషీన్ (నొప్పి ఉన్నచోట సన్నగా కరెంటు పంపేది) పెడితే జిల్లుమంటుంది కదా, ఆ జిల్లు కోసం వస్తారు. "ఎక్సర్‌సైజులు ఇంటికాడ చేసుకుంటాలే సామీ, నువ్వు కరెంటు పెట్టు" అంటారు. మూడు రోజులకు నొప్పి కాస్త తగ్గగానే మాయం. నెలకు మళ్లీ వస్తారు, భుజం ఇంకా బిగుసుకుని. షుగర్ ఉన్నవాళ్లకు భుజం పట్టేయడం మామూలు, అది నెలల పని, ఆ సంగతి ఎంత చెప్పినా ఎక్కదు.

మా జిల్లాలో ఉన్న ఇంకో బాధ ఫ్లోరైడ్. నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, కొన్ని ఊర్ల బోర్లలో ఎప్పుడో దాటిపోయింది. ఆ ఊర్ల పెద్దోళ్లు మెడ తిప్పలేక, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పుతారు. ఎముకలను పట్టే లిగమెంట్లు కూడా గట్టిపడి ఉంటాయి, అట్లాంటి వెన్నును తెలియక గట్టిగా వంచితే ప్రమాదం. ఇవన్నీ పుస్తకంలో ఒక పేరా ఉంటుంది, మన క్లినిక్‌లో మాత్రం రోజూ ఎదురుగా కూర్చుంటాయి.

భయపెట్టాలని కాదు. నాకు ఈ పని తప్ప ఇంకోటి చేయబుద్ధి కాదు.

లెక్కల_మనిషి

నేను సూటిగా చెప్తా, ఏమనుకోవద్దు. మీ జీతం 18 వేలు. ఏడాదికి 2,16,000. ఐదేళ్లు చదివితే పోయే జీతం 10,80,000. ప్రైవేటు కాలేజీలో ఏడాదికి లక్ష అనుకున్నా, ఇంటర్న్‌షిప్ ఏడాది తీసేసి నాలుగేళ్లకు 4 లక్షలు. మొత్తం 14,80,000. హాస్టలో, బస్సు చార్జీలో, పిల్లల్ని చూసుకునే మనిషికో ఇచ్చేది ఇందులో కలపలేదు. బయటికొచ్చేసరికి మీకు 39, ఒక ఏడాది ప్రిపరేషన్‌కు పోతే 40. అప్పుడు మీకు మొదటి జీతం ఎంతిస్తారో ఆ అనంతపురం సార్‌నే అడగండి. మా చెల్లెలి కొడుకుకు హైదరాబాద్‌లో 14 వేలిచ్చారు. 18 వేల ఉద్యోగం మానేసి 15 లక్షలు పోసి 14 వేల ఉద్యోగం కొనుక్కోవడం అన్నమాట.

ప్లింత్_పక్కన (అనంతపురం)

లెక్క తప్పని అనను. నాకు 2013లో మొదటి జీతం 7 వేలు. కానీ ఆ మేడమ్ ఇంకొకరి దగ్గర పనిచేయాలనే అనుకోవాల్సిన పని లేదు. ఇళ్లకు పోయి చేసేవాళ్లకు మా ఊర్లో గిరాకీ ఉంది, అందులోనూ ఆడవాళ్లకు. ఆడపేషెంట్లు, బాలింతలు, ముసలమ్మలు నేను పోతే తలుపు దగ్గరే ఆలోచిస్తారు. డబ్బుల్లో అసలు కిరికిరి వేరే. ఒకాయన నా దగ్గరికి పేషెంట్లను పంపి ఫీజులో సగం అడిగాడు, నేను ఇవ్వనంటే పంపడం ఆపేశాడు. రెండేళ్లు ఈగలు తోలుకున్నా. ఇది కూడా మీ లెక్కలో రాసుకోండి సార్.

మాజీ_రెప్ (కర్నూలు)

అక్కా, మీరు అడిగిన పని నేను చేసి చూపిస్తున్నా, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా.

కర్నూల్లో తొమ్మిదేళ్లు మెడికల్ రెప్‌గా తిరిగా. బ్యాగు, టై, మే నెలలో కూడా బూట్లు, డాక్టరు గది బయట రెండు గంటలు నిలబడి లోపల నలభై సెకన్లు. టార్గెట్ తగ్గితే మేనేజరు ఫోన్లో తిట్లు. 31వ ఏట బీపీటీలో చేరా, ఇప్పుడు 35, ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా. మాది పాత పద్ధతి, నాలుగేళ్లు, పైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. మీకది వర్తించదు. ఫిజియోథెరపీ లాంటి కోర్సులను చూసుకోడానికి 2021 చట్టంతో వచ్చిన జాతీయ కమిషన్ 2025లో కొత్త పాఠ్యప్రణాళిక ఇచ్చింది, దాని ప్రకారం ఐదేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రవేశాల్లోకి నీట్ కూడా వచ్చి చేరింది. మన రాష్ట్రంలో సీట్లు చూసేది విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆ ఏడాది నోటిఫికేషన్ ముందు పెట్టుకుని ఒక్కో లైను చదవండి, నాలాంటోడు పోయినేడు చెప్పింది నమ్మి కూర్చోవద్దు. నీట్ అంటే వయసు గురించి భయపడకండి, పైవయసు హద్దు 2022లోనే తీసేశారు. 720 మార్కుల్లో 360 జీవశాస్త్రమే, అది మీరు రోజూ చెప్పే సబ్జెక్టే. ఫిజిక్స్ దగ్గరే చెమటలు పడతాయి.

క్లాసులో మొదటి రోజు పిల్లలు నన్ను లెక్చరర్ అనుకుని లేచి నిలబడ్డారు. తర్వాత నెల 'అంకుల్', దసరా సెలవుల తర్వాత 'అన్నా'. అది గెలుపే నాకు. అనాటమీ హాల్లో ఫార్మలిన్ వాసనకు కళ్లు మండేవి, ఆదివారం మటన్ ముందు కూర్చుంటే కండరాల పేర్లు గుర్తొచ్చి రెండు నెలలు పప్పుచారుతో సరిపెట్టుకున్నా, మా ఆవిడకు ఖర్చు తగ్గిందని సంతోషం.

జ్ఞాపకం గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. 18 ఏళ్ల పిల్లోడు ఒకసారి చదివితే పట్టుకునేది నాకు నాలుగుసార్లు పట్టింది. చేతికి పోయే నరాల అల్లిక ఉంది, బ్రేకియల్ ప్లెక్సస్. మెడ దగ్గర సీ5 నుంచి టీ1 దాకా ఐదు వేర్లు, అవి కలిసి మూడు ట్రంకులు, మళ్లీ చీలి ఆరు డివిజన్లు, మళ్లీ కలిసి మూడు కార్డులు, చివరికి ఐదు కొమ్మలు. దాన్ని పాత క్యాలెండర్ వెనకాల గీసి వంటింటి తలుపుకు అంటించా. మా ఆరేళ్ల పాప దాన్ని చూసి "నాన్న రైలు పట్టాలు గీసినాడు" అనేది. మొదటి ఏడాది బయోకెమిస్ట్రీ తప్పా, సప్లిమెంటరీలో గట్టెక్కా. కానీ వార్డులో పోస్టింగ్ మొదలయ్యాక ఆట మారింది. పిల్లలకు పేషెంటుతో మాట్లాడటం రాదు, నోరు పెగలదు. మనకు తొమ్మిదేళ్లు డాక్టర్ల దగ్గరే నోరు తెరిచి బతికిన అలవాటు. మీకు నలభై మంది పిల్లలను ఒక గంట కూర్చోబెట్టిన అలవాటు, అది చిన్న విద్య కాదు.

డబ్బుల సంగతి. నాకు కన్వీనర్ సీటు రాలేదు, మేనేజ్‌మెంట్ కోటాలో చేరా. మా ఆవిడ టైలరింగ్, నేను ఆదివారాలు ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు రాయడం, బైకు అమ్మేయడం, ఇట్లా నెట్టుకొచ్చాం. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో పగలు వేరే పని అనే మాట మర్చిపోండి, పొద్దున క్లాసులు, తర్వాత వార్డు, హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంటర్న్‌షిప్‌లో నాకు స్టైపెండ్ ఇస్తామని చేరేటప్పుడు చెప్పారు, ఇప్పుడు అడిగితే పని నేర్పిస్తున్నాం కదా అంటున్నారు.

కాగితాలు ఇప్పుడే వెతుక్కోండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు లోకల్ కోటా కోసం అడుగుతారు, మనది ఎస్వీయూ (తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం) పరిధి. ఇన్నేళ్ల గ్యాపుకు నోటరీ అఫిడవిట్. నేను చదివిన స్కూలు మూతపడింది, రికార్డులు ఎక్కడున్నాయో కనుక్కోడానికి మండల విద్యాధికారి ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరిగా.

బీపీటీ_థర్డియర్

అక్కా వచ్చేయండి ప్లీజ్. మా క్లాసులో కూడా ఒక పెళ్లైన అక్క ఉంది, పరీక్షల ముందు మాకందరికీ పాఠం చెప్పేది ఆమే, మేం ఆమె క్యారియర్ తినేస్తాం. ఒక్కటే, బయోమెకానిక్స్ (ఒంటి కదలికల ఫిజిక్స్) ముందే కొంచెం చదువుకుని రండి, లివర్లు, టార్కులు చూస్తే బైపీసీ వాళ్లం అందరం టెన్షన్ పడ్డాం.

ప్రొద్దుటూరు_టు_ఒహాయో

ఇక్కడి పద్ధతి కూడా చెప్తా, పనికొస్తుందేమో. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు కావాలంటే డిగ్రీ అయ్యాక డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) చేయాలి, మామూలుగా మూడేళ్లు. 2016 నుంచి గుర్తింపున్న కోర్సులన్నీ డాక్టరేట్ స్థాయికి మారిపోయాయి. తర్వాత ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్ష. అంత సమయం, డబ్బు లేనివాళ్లకు అసిస్టెంట్ కోర్సు రెండేళ్లది వేరే ఉంది. నా పక్క ఇంటామె బ్యాంకులో 14 ఏళ్లు చేసి 41కి డీపీటీలో చేరింది, ఇక్కడ అది వింతేమీ కాదు, కాకపోతే నెత్తి మీద అప్పు మాత్రం ఇల్లంత ఉంటుంది.

నాకు నచ్చింది ఒకటుంది. చేరకముందే ఏదైనా క్లినిక్‌లోనో ఆస్పత్రిలోనో కొన్ని గంటలు పక్కన నిలబడి చూసి రమ్మని చాలా కాలేజీలు అడుగుతాయి. మన దగ్గర ఎవరూ అడగరు. మీరే అడిగి చూడండి.

ఇంకో సంగతి, బీపీటీ చేసి ఇక్కడికి వచ్చేద్దాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఇండియా డిగ్రీని వీళ్లు సబ్జెక్టు సబ్జెక్టుగా తూకం వేస్తారు, తగ్గినవి మళ్లీ చదవాలి. ఏళ్లు పడుతుంది.

మగ్గం_గుంత (ధర్మవరం)

నేను పేషెంటు కోటాలో మాట్లాడతా. మాది గుంత మగ్గం, కాళ్లు గుంతలో, నడుం ముందుకు, రోజుకు పది గంటలు. 29కే నడుం పట్టేసి కాల్లోకి జిల్లు దిగింది. స్కానింగ్ తీయించి, మాత్రలు మింగి, బెల్టు కట్టి, ఏమీ కాలేదు. ఒక ఫిజియో సారు మా ఇంటికొచ్చి మగ్గం చూసినాడు, ముందు నన్ను కాదు. కూర్చునే పలకను నాలుగు వేళ్లు పైకి లేపించి, గంటకొకసారి లేచి వెనక్కి వంగమన్నాడు, బోర్లా పడుకుని చేసే ఎక్సర్‌సైజు ఒకటి చెప్పినాడు. రెండు నెలల్లో చీర నేసే పనికి మళ్లీ కూర్చున్నా. టీచరమ్మా, మీరు నేర్చుకునేది ఇది అయితే నేర్చుకోండి. కరెంటు పెట్టే మెషీన్ అయితే మా ఊర్లో చాలా ఉన్నాయి.

ఒక డౌటు. పోయినేడు ఫిజియోలు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకూడదని టీవీలో గోల జరిగింది కదా, ఏమైంది అది?

ప్లింత్_పక్కన (అనంతపురం)

2025 సెప్టెంబరులో ఢిల్లీ నుంచి పెట్టుకోకూడదని ఒక ఉత్తరం వచ్చింది, మర్నాడే వెనక్కి తీసుకున్నారు. ఆ ఉత్తరం వచ్చింది కూడా సెప్టెంబరు 8న ఫిజియోథెరపీ దినోత్సవం జరుపుకున్న మర్నాడే. కేకు తిన్న నోటితోనే తిట్టుకున్నాం. నన్ను ఊర్లో అందరూ 'కరెంటు సారు' అంటారు, ఆ బిరుదు ఏ ఉత్తరంతోనూ పోదు.

భవిత_సెంటర్ (ఆదోని)

మేడమ్, మీకు బీఈడీ ఉంది కాబట్టి ఇంకో దారి కూడా చూడమంటా. నేను భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్తున్నా. ప్రత్యేక విద్యలో బీఈడీ రెండేళ్లు, పునరావాస మండలి గుర్తింపు ఉన్న చోట చేయాలి. మా దగ్గరకు ఫిజియోథెరపిస్టు వారానికి ఒకసారి వస్తారు, సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కాళ్లూచేతులు సరిగా ఆడని) పిల్లల కాళ్లు సాగదీసి, తల్లులకు నేర్పిస్తారు. మిగతా రోజులన్నీ ఆ పిల్లలు మా చేతుల్లోనే. మీ అమ్మగారికి ఆ అమ్మాయి చేసిన పనిలో సగం ఇక్కడా ఉంటుంది, పదేళ్ల టీచరు అనుభవం కూడా వృథా కాదు.

టీచరమ్మ_కడప

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఒహాయో అన్న చెప్పింది పట్టుకున్నా. ఎండాకాలం సెలవులు కదా, మా వీధి చివర క్లినిక్ మేడమ్‌ను అడిగితే సాయంత్రాలు వచ్చి చూడమన్నారు, ముట్టుకోకూడదు, పేషెంటు ఒప్పుకుంటేనే లోపలికి. మూడు వారాలకు మళ్లీ వచ్చి రాస్తా.

టీచరమ్మ_కడప

వచ్చా. 16 సాయంత్రాలు పోయా.

మొదటి రెండు రోజులు బోరు కొట్టింది, నిజం చెప్తున్నా. మోకాలు, మోకాలు, మెడ, మోకాలు. నొప్పికి కరిగించిన మైనం తొట్టిలో చేతులు ముంచి తీయడం, టైమరు మోగడం. మూడో రోజు కమలాపురం నుంచి ఒకాయన వచ్చాడు, పక్షవాతం, కుడి చెయ్యి. బియ్యం వ్యాపారం అట, కాటా దగ్గర గట్టిగా అరిచే మనిషి అని కొడుకు చెప్పాడు. మేడమ్ ఆయనకు చొక్కా గుండీలు పెట్టుకోమని ఇచ్చారు. నేను గోడ గడియారం చూశా. మూడు గుండీలకు 11 నిమిషాలు. రెండో గుండీ దగ్గర ఆయన ఏడ్చేశాడు, కొడుకు సాయం చేయబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు. నాకైతే పోయి పెట్టేయాలని చేతులు దురద పెట్టాయి. బయటికొచ్చాక మేడమ్ అన్నారు, "ఆ దురద ఆపుకోవడమే సగం ట్రైనింగు" అని. ఇంకొకటి కూడా చెప్పారు, పడిపోయిన చేతిని పట్టుకుని లాగి ఎప్పుడూ లేపకూడదంట, భుజం కీలు కిందికి జారుతుందంట, ఇంట్లో వాళ్లందరూ చేసే తప్పు అదేనంట. మా మామయ్యను మేం అట్లానే లాగి కూర్చోబెట్టాం, ఆయన పోయేదాకా భుజం నొప్పి అనేవాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక పేషెంటు మేడమ్‌ను నోటికొచ్చినట్టు తిట్టి డబ్బులివ్వకుండా పోవడం కూడా చూశా. మేడమ్ నీళ్లు తాగి తర్వాతి పేషెంటును పిలిచారు.

16వ రోజు ఆ కమలాపురం ఆయన అదే మూడు గుండీలు నాలుగు నిమిషాల్లో పెట్టాడు. కింద గుండీ పై కాజాలో పెట్టాడు, అయినా ఎవరూ ఏమీ అనలేదు.

లెక్కల సార్, మీ 14,80,000 కాగితం మీద రాసి మా ఆయన ముందు పెట్టా. ఆయన అంగడి లెక్కల మనిషి, అరగంట చూసి, "ఒక ఏడాది స్కూలు మానకుండా నీట్ చదువు, కన్వీనర్ సీటు వస్తే పో, రాకపోతే ఆ ఆదోని మేడమ్ చెప్పిన రెండేళ్లది చూద్దాం" అన్నారు. ఈసారి గొంతు వేరే ఉంది. మేనేజ్‌మెంట్ సీటు మాత్రం వద్దనుకున్నాం, మా ఇద్దరి బలం అంతే. మా అత్త ఇంకా మాట్లాడటం లేదు, కానీ పోయిన ఆదివారం నేను ఫిజిక్స్ పుస్తకం పట్టుకుంటే ఓళిగలు తనే చేసింది.

ప్లింత్_పక్కన (అనంతపురం)

16 రోజులు చూసి కూడా రావాలనిపిస్తే నేనింక ఏమీ అనను. నడుం ఎట్లుంది?

టీచరమ్మ_కడప

నిలబడే ఉద్యోగమే కదా సార్ పదకొండేళ్లుగా. కాళ్లు లాగాయి, నడుం పరవాలేదు.

మాజీ రెప్ అన్నా, కాగితాలు వెతికాం. రాజంపేట స్కూలు ఇంకా ఉంది, స్టడీ సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. ఇంటర్ మార్కుల మెమో అటక మీది ట్రంకు పెట్టెలో దొరికింది, ఒక మూల చెదలు తిన్నాయి. మా ఆయన నాకు చెప్పకుండా తీసుకెళ్లి మంచిగా లామినేషన్ చేయించి తెచ్చారు, మళ్లీ పాడవకుండా అని.

మాజీ_రెప్ (కర్నూలు)

అయ్యో అక్కా! ఒరిజినల్‌కు లామినేషనా. ఊడదీయాలని మాత్రం చూడొద్దు, సిరా అంతా ప్లాస్టిక్‌తో వచ్చేస్తుంది. వెరిఫికేషన్‌లో సతాయిస్తే బోర్డుకు రాసుకుని డూప్లికేట్ తెచ్చుకోవాలి. బావగారిని ఏమీ అనొద్దు.

లెక్కల_మనిషి

14,80,000కు డూప్లికేట్ మెమో ఫీజు కూడా కలపండి.